చిన్న బండికి కొత్త కార్బురేటరు

మోటారు సైకిలు అనగానే మనకు తారు రోడ్డు జ్ఞాపకం వస్తుంది. కాని రోడ్డుతో నిమిత్తం లేకుండా మట్టిలో, ఇసుకలో, రాళ్ల దిబ్బల మీద పరుగెత్తడానికే తయారైన బండ్లు వేరే ఉన్నవి. డర్ట్ బైకులని వాటికి పేరు. వాటిలో పిల్లలకూ, కొత్తగా నేర్చుకునే వారికీ ఉద్దేశించిన చిన్నజాతి ఒకటి ఉన్నది. ఆ చిన్న బండికి పాత కార్బురేటరు తీసి కొత్తది అమర్చడం, అమర్చిన దానిని శ్రుతి చేయడం ఎట్లాగో ఈ ప్రసంగంలో చెప్పదలచాను.

ఇంతటి చిన్న పనికి ఒక ప్రసంగమెందుకని శ్రోతలకు తోచవచ్చు. కార్బురేటరు అరచేతిలో ఇమిడే వస్తువే. కాని తప్పుగా బిగిస్తే అది పిల్లవాని చేతిలోని బండిని ఆపడానికి వీలులేనంత వేగంతో పరుగెత్తించగలదు. తప్పుగా శ్రుతి చేస్తే, ఇంజను పైకి ఎంతో హుషారుగా పలుకుతూనే లోలోపల మాడిపోగలదు. మొదటి ప్రమాదం వెంటనే తెలుస్తుంది. రెండవది నెల రోజులకుగాని తెలియదు. తెలిసేసరికి చేయగలిగిందేమీ ఉండదు.

ఈ బండి మనకు పరాయిది కాదు. 1958లో జపానుదేశపు హోండా కంపెనీ సూపర్ కబ్ అనే చిన్న బండిని విడుదల చేసింది. సిలిండరును నిలువుగా కాక, దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పండుకోబెట్టినట్లు అమర్చడం దాని ఇంజను ప్రత్యేకత. ఆ శ్రేణి బండ్లు 2017 నాటికి 10 కోట్లు తయారైనవి. 1985లో మన దేశంలో వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆ వెనుక 1994లో వచ్చిన స్ప్లెండరు ఆ వంశపువే. పిల్లల కోసం హోండావారు చేసిన 49 సీసీ సీఆర్ఎఫ్ 50 ఎఫ్ అనే డర్ట్ బైకు, దాని పోలికలో చైనా కర్మాగారాలనుంచి వచ్చిన 110, 125 సీసీ పిట్ బైకులు కూడా ఆ తీరు ఇంజనుతో నడిచేవే. అందుచేత అమెరికాలో మనవడి షెడ్డులో ఉన్న డర్ట్ బైకూ, ఇక్కడ తాతగారి వాకిట్లో ఉన్న పాత స్ప్లెండరూ జ్ఞాతులే. ఒకదాని కార్బురేటరు స్వభావం ఎరిగినవారికి రెండవదానిది కొత్తగా ఉండదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత మన దేశపు కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ సాధనం వచ్చింది. కాని పాత బండ్లలోనూ, ఈ పిల్లల బండ్లలోనూ అది నిలిచే ఉన్నది. చెవితో విని సరిచేయగల మెకానిక్కులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

అసలు అది చేసే పని ఏమిటి? గాలినీ పెట్రోలునూ తగిన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించడం. తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 పాళ్ల గాలి కావలెను. కార్బురేటరు నడిమి గొట్టం ఒకచోట ఇరుకుగా ఉంటుంది. ఆ ఇరుకులో గాలి వేగం హెచ్చుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గినచోటికి అడుగు గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి లేచి, తుంపరలై గాలిలో కలిసిపోతుంది. దోమల మందు కొట్టే చేతిపంపులో జరిగేది ఇదే. ఇరుకైన గొట్టంలో ఒత్తిడి తగ్గడాన్ని గురించి ఇటలీ దేశస్థుడు వెంచూరి 1797లో గ్రంథం ప్రకటించాడు. పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బురేటరు 1893లో రూపొందింది. హంగేరీలో బాంకీ, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లూ, జర్మనీలో మైబాహ్ అనే ఆయనా ఇంచుమించు ఒకే కాలంలో దానిని సాధించారు. పూలమ్మే పిల్ల గొట్టంతో ఊది పూలమీద నీళ్లు చిలకరించడం చూసి హంగేరీవారికి ఈ ఊహ తట్టిందని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, పోలిక మాత్రం సరిగ్గా కుదిరింది.

గాలి పాలు ఎక్కువైతే మిశ్రమం పలుచన అవుతుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే చిక్కన అవుతుంది. మజ్జిగకు వాడే ఈ రెండు మాటలే ఇక్కడ మనకు చాలును. చిక్కని మిశ్రమంతో బండి మందకొడిగా నడుస్తుంది, పొగ వదులుతుంది, పెట్రోలు తాగుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. అది ఖర్చేగాని ప్రాణాపాయం కాదు. పలుచని మిశ్రమం సంగతి వేరు. కొంతమేరకు పలుచనైనప్పుడు ఇంజను చాలా చురుకుగా, శుభ్రంగా పలికినట్లే ఉంటుంది. కాని వేడి పెరుగుతుంది. వాల్వులు కాలుతవి, పిస్టను దెబ్బతింటుంది. కనుక ఈ పనిలో ఎక్కడ సందేహం వచ్చినా కొంచెం చిక్కదనం వైపు మొగ్గి ఉండడమే క్షేమం.

ఇప్పుడొక ప్రశ్న వేసుకోవలెను. కార్బురేటరు నిజంగా మార్చవలసి ఉన్నదా? బండి మూడు నాలుగు నెలలు కదలక ఉంటే, గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఐడ్లింగుకు పెట్రోలునిచ్చే చిన్న జెట్టు రంధ్రం వెంట్రుకంత సన్ననిది. అది కాస్త మూసుకున్నా బండి చోకు మీదనేగాని నడవదు. అప్పుడు కావలసింది కొత్త కార్బురేటరు కాదు, శుభ్రపరచడం. గిన్నె విప్పి, జెట్లు తీసి, కార్బురేటరు క్లీనరుతో కడిగి, గాలి కొట్టిస్తే చాలాసార్లు పని తీరిపోతుంది. జెట్టులో తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు మీది అంకెకు అర్థం పోతుంది. స్లైడు గొట్టం అరిగిపోయినా, మరలు చెడినా, శరీరం పగిలినా, ఇంజను మార్చి పెద్దది వేసినా మాత్రం కొత్తది కావలసిందే.

కొత్తది కొనేటప్పుడు పెద్దది కొనాలనే ఆశ కలుగుతుంది. సీఆర్ఎఫ్ 50 కార్బురేటరు నోరు చాలా చిన్నది. దాని స్థానంలో పిట్ బైకులకు వాడే మికూనీ వీఎం 22 రకం పెడితే బలం రెట్టింపవుతుందని పిల్లలు నమ్ముతారు. దుకాణదారులు ఆ నమ్మకాన్ని చెరపరు. కాని మామూలు 50 సీసీ ఇంజను పీల్చే గాలి కొద్ది. పెద్ద నోటిలో ఆ కొద్ది గాలి నింపాదిగా నడుస్తుంది. వేగం లేనిచోట ఒత్తిడి తగ్గదు. ఒత్తిడి తగ్గనిచోట పెట్రోలు లేవదు. ఫలితంగా బండి క్రింది వేగాలలో తడబడుతుంది, యాక్సిలరేటరు తిప్పగానే గొంతు పట్టేసినట్లు ఆగుతుంది. 125 సీసీ ఇంజనుకు వీఎం 22 చక్కగా నప్పుతుంది. 50 సీసీకి దాని సొంత కొలతే మేలు. మరొక సంగతి. చౌకగా దొరికే నకళ్ల జెట్ల మీది అంకెలు నమ్మదగినవి కావు. ఒక కంపెనీ అంకె మరొక కంపెనీ అంకెతో సరిపోదు. కార్బురేటరు నకలైనా, జెట్లు మాత్రం అసలువి కొనడం మంచిది.

ఇక విప్పడం. ఈ పని ఇంటి బయట, గాలి ఆడేచోట చేయవలెను. వంటింటి పొయ్యి, దేవుని దీపం, అగరువత్తి, చుట్ట ఏవీ దరిదాపుల ఉండకూడదు. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు. నేలను అంటుకొని ప్రాకి నిప్పును వెదుక్కుంటుంది. ఇంజను చల్లారిన తరువాత పెట్రోలు కుళాయి కట్టి, గిన్నె అడుగున ఉన్న మర వదులు చేసి, అందులోని పెట్రోలును సీసాలోకి వంపి తీయాలి. గొట్టాలు ఎక్కడివక్కడ గుర్తుపెట్టుకొని, కార్బురేటరు పై మూత విప్పితే యాక్సిలరేటరు తీగతో పాటు స్లైడు, దాని నడుమ వేలాడే సూది బయటికి వస్తవి. ఆ సూది వంగితే ఇక పనికిరాదు. దానిని గుడ్డలో చుట్టి పక్కన ఉంచండి. రెండు బోల్టులు విప్పగానే కార్బురేటరు చేతికి వస్తుంది. వెంటనే ఇంజను నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. అందులో పడిన చిన్న వాషరు ఇంజను మొత్తాన్నీ విప్పించగలదు.

కొత్తది బిగించేటప్పుడు మధ్యన ఉండే ప్యాకింగు, రబ్బరు వలయం కొత్తవే వేయండి. ఇక్కడ పదిరూపాయలు మిగుల్చుకోవడం తగని పని. బోల్టులు రెండింటినీ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించాలి. ఒకదానినే గట్టిగా తిప్పితే అల్యూమినియం అంచు వంగిపోతుంది. వంగిన అంచు సందున దొంగగాలి చొరబడితే మిశ్రమం పలుచనవుతుంది. ఆ తరువాత ఎన్ని జెట్లు మార్చినా శ్రుతి నిలువదు. ఐడ్లింగు ఒకసారి హెచ్చుతూ, ఒకసారి తగ్గుతూ ఉంటే మొదట ఈ అతుకునే అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా అతుకు మీద కాసిని నీళ్లు చిలకరించి, ధ్వని మారితే అక్కడ సందు ఉన్నదని గ్రహించవచ్చు. కొందరు పెట్రోలు చిలకరిస్తారు. అది సాహసమనడం కంటె అవివేకమనడమే సబబు.

స్లైడును లోపలికి దించేటప్పుడు కొంత ఓర్పు కావలెను. స్లైడు పక్కన ఒక పొడవాటి గాడి ఉంటుంది. గొట్టంలో దానికి సరిపడే చిన్న మేకు ఉంటుంది. అవి రెండూ కలవాలి. స్లైడు అడుగున ఒకవైపు కోసినట్లుంటుంది. ఆ కోత ఎయిర్ ఫిల్టరు వైపు ఉండాలి. తారుమారుగా బలవంతాన దించితే స్లైడు పూర్తిగా మూసుకోదు, ఒక్క కిక్కుతోనే ఇంజను అరుస్తూ లేస్తుంది. నేను మొదట చెప్పిన ప్రమాదం ఇదే. కనుక పెట్రోలు వదలకముందే యాక్సిలరేటరును పూర్తిగా తిప్పి విడవండి. టక్కుమని శబ్దం చేస్తూ దానంతటదే మూసుకోవాలి. హ్యాండిలును ఎడమకూ కుడికీ చివరివరకూ తిప్పి, రెండు చోట్లా అట్లాగే పరీక్షించండి. తీగ పొట్టిగా పడి ఎక్కడైనా పట్టేస్తే, మలుపులో పిల్లవాడు హ్యాండిలు తిప్పగానే బండి దానంతటదే వేగమందుకుంటుంది. ఇంజనును ఆపే మీట పనిచేస్తున్నదో లేదో కూడా అప్పుడే చూడాలి. ఈ పరీక్షలన్నిటిలో నెగ్గితేనేగాని ఆ బండిని పిల్లవానికి ఇవ్వరాదు.

శ్రుతి చేయడానికి వద్దాము. యాక్సిలరేటరు ఎంత తిప్పామన్నదానిని బట్టి కార్బురేటరులో ఒక్కొక్క భాగం ఒక్కొక్కచోట అధికారం వహిస్తుంది. ఐడ్లింగునుంచి సుమారు ఎనిమిదవ వంతువరకు చిన్న జెట్టు, దాని గాలి మర. అక్కడినుంచి పావువరకు స్లైడు కోత. పావునుంచి ముప్పావువరకు సూది. ఆ పైన పెద్ద జెట్టు. సరిహద్దులు గోడ కట్టినట్లు ఉండవు, ఒకదానిలో ఒకటి కలుస్తూ ఉంటవి. పిడి మీద తెల్లని ప్లాస్టరు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకుంటే, బండి ఎక్కడ తడబడుతున్నదో నోటిలెక్కగా కాక కచ్చితంగా చెప్పవచ్చు. చాలామంది మిస్సింగు అని ఒక్క మాటతో సరిపెట్టి అన్ని మరలూ తిప్పివేస్తారు. అందువల్ల కలిగే చిక్కుముడిని విప్పడం ఎంతటి పనిమంతునికైనా కష్టమే. ఒకసారికి ఒకే మార్పు. మార్చిన ప్రతిసారీ కాగితం మీద వ్రాత. ఈ నియమం తప్పరాదు.

ఐడ్లింగుతో ఆరంభించండి. కొందరు ప్రవీణులు పెద్ద జెట్టుతో మొదలుపెడతారు. గృహస్థుకు ఇదే సుఖం. ఇంజను పది నిమిషాలు నడిచి బాగా వెచ్చబడాలి. వీఎం రకంలో గాలి మర ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటుంది. దానిని ఆగేవరకు మెల్లగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్లు వెనుకకు తీయండి. లోపలికి తిప్పితే చిక్కన, బయటికి తీస్తే పలుచన. మర ఇంజను వైపు ఉన్న కార్బురేటర్లలో ఇది తలక్రిందులు, ఎందుకంటే అక్కడ ఆ మర కొలిచేది గాలిని కాదు. ఇక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి వినండి. వాల్వుల రేడియోలో స్టేషను పట్టిన తీరు పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. ధ్వని స్పష్టమైనచోట ఆగక, దానిని దాటిపోయి, మళ్లీ వెనుకకు వచ్చి, రెండు అంచుల నడుమ నిలిపేవారు. ఇక్కడా అదే పద్ధతి. ఇంజను అన్నిటికంటె వేగంగా, నిలకడగా పలికేచోట మరను ఆపి, ఐడ్లింగు మరతో వేగాన్ని నిమిషానికి 1400, 1500 చుట్లకు దించండి. ఒక చుట్టుకంటె తక్కువలోనే ఆ స్థానం దొరికితే చిన్న జెట్టు మరికాస్త పెద్దది కావలెను; రెండున్నర చుట్లు దాటినా దొరకకపోతే ఇంకా చిన్నది కావలెను. యాక్సిలరేటరు వదిలిన తరువాత ఇంజను వేగం దిగిరావడానికి తటపటాయిస్తే, సైలెన్సరులో చిటపటలు వినిపిస్తే పలుచన ఉన్నదని అర్థం.

సూదికి పైభాగాన ఐదు గాట్లు, ఒక గాటులో చిన్న పిన్ను ఉంటవి. పిన్ను మధ్యగాటులో ఉంచి బండి నడపండి. సగం యాక్సిలరేటరులో బండి తడబడి, వెనుకకు గుంజినట్లుంటే పలుచన. పిన్నును ఒక గాటు క్రిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గొంతు బొంగురుపోయి, బరువుగా లాగుతుంటే చిక్కన. పిన్నును పైకి ఎక్కించాలి. పిన్ను క్రిందికి, సూది పైకి అన్న ఈ తిరకాసు దగ్గర పొరపడేవారు ఎక్కువ.

పెద్ద జెట్టు విషయంలో మాత్రం నా సలహా ఒక్కటే. కావలసినదానికంటె పెద్దదే ముందు వేసి, ఒక్కొక్క మెట్టు తగ్గిస్తూ రండి. చిన్నదానితో మొదలుపెట్టి పైకి వెళ్లడమంటే మాడే ఇంజనుతో పరీక్షలు జరపడమే. ఈ పరీక్ష పెద్దవారు చేయవలసింది. శిరస్త్రాణం ధరించి, ఎవరూ లేని నేల మీద చేయవలసింది. పూర్తి యాక్సిలరేటరులో బండి బుడబుడలాడుతూ వేగమందుకోకపోతే జెట్టు పెద్దది. పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు పిడిని రవంత వెనుకకు తిప్పగానే బండి మరింత ఊపుగా లాగితే, ఉన్న జెట్టు చిన్నదని తెలుసుకోవాలి. బాగా పరుగెత్తించి, ఇంజను ఆపివేసి, ప్లగ్గు తీసి చూడండి. పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే సరిపోయింది. నల్లని మసి చిక్కదనానికి గుర్తు. సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంటే ఇక ఒక్క ఫర్లాంగు కూడా నడపక పెద్ద జెట్టు వేయండి. నేటి పెట్రోలుతో ఈ రంగులు పూర్వమంత స్పష్టంగా రావు గనుక, ప్లగ్గు సాక్ష్యాన్ని చెవి సాక్ష్యంతో కలిపి చూడాలి.

పెట్రోలు మారినా శ్రుతి మారుతుంది. మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఎథనాలు కలపడం 2025 నాటికి సాధారణమైంది. ఒక పాలు ఎథనాలు మండడానికి 9 పాళ్ల గాలే చాలును. అంటే పూర్వపు జెట్టుతోనే కొత్త పెట్రోలు వాడితే మిశ్రమం కొంత పలుచనవుతుంది. పైగా ఎథనాలు గాలిలోని తేమను పీలుస్తుంది. కనుక వాడని రోజులలో గిన్నె ఖాళీచేసి ఉంచడం మేలు. ఎత్తు ప్రభావం దీనికి విరుద్ధం. విశాఖపట్నం సముద్రతీరాన శ్రుతి చేసిన బండిని, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయకు తీసుకుపోతే అక్కడి గాలి పదవ వంతు దాకా తేలిక. అదే జెట్టు అక్కడ చిక్కనవుతుంది. బండి కాస్త మందగించినా పాడు కాదు. కొండమీద శ్రుతి చేసి తీరానికి దించితేనే భయం.

అంతా అయిన మరునాడు, చల్లారిన ఇంజనుకు రెండు పనులు చేయండి. కార్బురేటరు బోల్టులు వదులైనవేమో స్పానరుతో చూడండి. తరువాత ఇంజను ఆయిలు కొలపుల్ల తీసి వాసన పీల్చండి. పెట్రోలు వాసన వస్తే గిన్నెలోని ఫ్లోటు సూది సరిగ్గా కూర్చోక, రాత్రంతా పెట్రోలు ఇంజనులోకి కారిందని తెలుసుకోవాలి. అప్పుడు కిక్కు కొట్టవద్దు; ఆ ఆయిలు పలుచబడి, బేరింగులను కాపాడే శక్తి కోల్పోయి ఉంటుంది. దానిని పూర్తిగా వంపివేసి, ఫ్లోటు సరిచేసి, కొత్త ఆయిలు పోసిన తరువాతనే బండిని బయటికి తీయండి.